బయల్దేరక ముందే చేరిన బళ్లు

కోల్‌కతా,
ఆగస్టు, 2009.

బావా,

మొన్న రాత్రి ఫోన్లో మళ్లీ పోట్లాడుకున్నాం కాబట్టి ఈ ఉత్తరం. నా థీసిస్ మాటా నీ ట్రాన్స్‌ఫర్ మాటా ఇకమీదట ఫోన్లో ఎత్తకూడదని నువ్వే అన్నావు. అవి రెండూ ఉత్తరాల్లో, కూరలూ జలుబులూ మీ మేనేజరు మీద చాడీలూ ఫోన్లో. సరే, ఒప్పుకున్నాను. ఉత్తరం రాస్తుంటే మధ్యలో నువ్వు "అది కాదు నాగా" అనడానికి వీలుండదు. ఆ సుఖం చాలు నాకు.

పెళ్లయి రెండేళ్లయినా నేనిక్కడ ఏం చేస్తున్నానో నీకు తెలీదు. "మా ఆవిడ కలకత్తాలో ట్రాఫిక్ పోలీసులకి ఏదో లెక్కలు కడుతోంది" అన్నావట నీ స్నేహితుడితో. వాళ్లావిడ నాకు ఫోన్ చేసి, యూనిఫాం కూడా వేసుకోవాలా అని అడిగింది!

విను. రోడ్డుకి ఈ చివర ఒక పెట్టె, ఆ చివర ఒక పెట్టె. జేబులో ఉన్న ఫోన్లో బ్లూటూత్ ఆన్ చేసి ఉంటే ఆ ఫోను దారి పొడుగునా తన నంబరు చెప్పుకుంటూ పోతుంది. పెట్టె ఆ నంబరునీ, అప్పటి టైమునీ పట్టుకుని మా లాబ్‌కి పంపిస్తుంది. అదే నంబరు రెండో పెట్టెకీ దొరికితే, రెండు టైముల మధ్య తేడాయే ప్రయాణానికి పట్టిన సమయం. ఇంతోటి దానికి నాలుగేళ్లా అనకు. నడిచేవాళ్లుంటారు, మధ్యలో టీకి ఆగి రాజకీయాలు తేల్చి గాని కదలని వాళ్లుంటారు, ఒక్క బస్సులోనే బోలెడు ఫోన్లుంటాయి. వీళ్లందర్నీ విడదీసి, ఇప్పుడు బయల్దేరితే ఎప్పటికి చేరతారో చెప్పగలగాలి. అదీ నా థీసిస్.

ఒకటో పెట్టె వాట్‌గంజ్‌లో సోములు గారి గుమ్మం పక్కన ఉంది. ఆయన కార్పొరేషన్‌లో పనిచేస్తారు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. రెండో పెట్టె అదే రోడ్డుకి అవతలి చివర, ఆయన బావమరిది గురువులు మోటారు రిపేరు షాపులో. పెట్టెకి కరెంటు ఇవ్వమని ఆ వీధంతా తిరిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. విసుగొచ్చి తెలుగులో ఏదో గొణుక్కుంటుంటే సోములు గారి భార్య అప్పలకొండమ్మ గుమ్మంలోంచి "ఏటమ్మా, మనోళ్లేనా నువ్వు? మరి ఆ మాట ముందల సెప్పవేటి!" అంది. ఇక ఆవిడే తమ్ముణ్ని కూడా ఒప్పించింది. నేనిప్పుడు ఆవిణ్ని పిన్నీ అంటున్నాను.

ఈ ఊరి చోద్యం ఒకటి చెప్పాలి. ఆ రోడ్డు పొద్దున్న ఒక వైపుకే నడుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే రెండో వైపుకి తిరగేస్తారు. అంటే పొద్దున్న బళ్లన్నీ పిన్ని ఇంటి నుంచి షాపు వైపు, మధ్యాహ్నం షాపు నుంచి పిన్ని ఇంటి వైపు. వచ్చిన కొత్తలో నాకీ సంగతి తెలీక, పొద్దున్న బస్సెక్కిన చోటే ఓ సాయంత్రం నించుని, అటే వెళ్లే బస్సు కోసం కళ్లు కాయలు కాశాయి.

డిసెంబరుతో ఏడాది డేటా పూర్తవుతుంది. మార్చికి థీసిస్ ఇచ్చేసి వచ్చేస్తాను. నవ్వకు. ఈసారి నిజం.

నీ
నాగేశ్వరి


అనకాపల్లి,
ఆగస్టు నెలాఖరు.

నాగా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పెట్టెల సంగతి రెండోసారికి అర్థమైంది. మూడోసారి ఎందుకు చదివానో చెప్పను. యూనిఫాం విషయంలో మాత్రం నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు నా వంతు. ఒప్పందం ప్రకారం ఫోన్లో చెప్పకుండా కడుపులో దాచుకున్నాను, ఉబ్బిపోయాను. మా బ్యాంకు ప్రమోషన్ లిస్టులో నా పేరుంది. తీసుకుంటే జోన్ మారాలి. కోరుకుంటే కలకత్తా ఇస్తారు, ఎందుకంటే మావాళ్లెవరూ అటు వెళ్లడానికి ఇష్టపడరు. వద్దంటే ఇక్కడే ఈ బెల్లం వాసనలో ఉంటాను, మళ్లీ నా పేరు ఎప్పుడొస్తుందో ఆ నూకాలమ్మ తల్లికే తెలియాలి. నవంబరు నెలాఖరులోగా ఏదో ఒకటి రాసివ్వమన్నారు.

నువ్వు మార్చికి వచ్చేస్తానంటే ప్రమోషన్ వద్దని రాసిస్తాను. రానంటే కలకత్తా అని రాస్తాను. నాకు రెండూ ఒకటే. రెండేళ్లలో మనం ఒక్క ఇంట్లో ఉన్నది నీ సెలవుల్లోనూ, నా సెలవుల్లోనూ. ఇంటికి తాళం వేసేటప్పుడూ తీసేటప్పుడూ నా చెయ్యే, ఇంకో చెయ్యి లేదు. నాకు నువ్వున్న ఊరు కావాలి. అది ఏ ఊరో నువ్వే చెప్పు.

మార్చికి వస్తావా, రావా? ఒక్క మాట.

భానుమూర్తి


కోల్‌కతా,
అక్టోబరు మొదటి వారం.

బావా,

ఒక్క మాట అన్నావు. ఇవ్వాళ నా దగ్గర ఒక్క మాటైనా తిన్నగా లేదు.

బళ్లు బయల్దేరక ముందే చేరుకుంటున్నాయి.

ఎగతాళి కాదు. పొద్దున్న వచ్చే బండి ముందు పిన్ని ఇంటి దగ్గర పెట్టెకి దొరకాలి, తర్వాత షాపు దగ్గర పెట్టెకి. ఇప్పుడు ముందు షాపు దగ్గర దొరికి, ఆ తర్వాత తాపీగా పిన్ని ఇంటి దగ్గర దొరుకుతోంది. ప్రయాణ సమయం సున్నాకి కింద వస్తోంది. మధ్యాహ్నం కూడా అంతే, అంతా తలకిందులు. సెప్టెంబరు సగం దాకా బంగారంలా ఉన్న డేటా ఇది.

దుర్గా పూజలకి రోడ్లు మళ్లిస్తారు కాబట్టి పోలీసులు దిక్కు మార్చారేమో అనుకున్నాను. పొద్దున్నే వెళ్లి రోడ్డు పక్కన నించున్నాను. బళ్లన్నీ ఎప్పటిలాగే పిన్ని ఇంటి నుంచి షాపు వైపు పోతున్నాయి, నా కళ్ల ముందే. లాబ్‌కి వచ్చి చూస్తే, అదే పొద్దున్న, అవే బళ్లు, షాపు నుంచి ఇంటికి వచ్చాయని పెట్టెలు చెబుతున్నాయి. నా కళ్లని నమ్మాలా, నా పెట్టెల్ని నమ్మాలా?

పెట్టెల్లో గడియారాలు తప్పాయేమో చూశాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి. ప్రోగ్రాం మొదటి నుంచి మళ్లీ రాశాను. అదే జవాబు. పెట్టెల్ని అనుమానించడానికి లేదు, నా చేత్తో నేనే బిగించాను. పిన్ని ఇంటి దగ్గరది బుద్ధిగా తన గూట్లోనే ఉంది, పచ్చ దీపం మిణుకుమంటోంది. నేనంటించిన కాయితం వానకి ఊడిపోయినట్టుంది. మూత మీద కుంకం బొట్టు కూడా ఉంది, సెప్టెంబరు మధ్యలో ఇక్కడ పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజ నాడు పెట్టిందట. చూసి నవ్వొచ్చింది.

"ఏటమ్మా, పెట్టి పాడైపోనాదా?" అంది పిన్ని.

"లేదు పిన్నీ, బాగానే ఉంది."

"మరి నీ మొకం అలగుందేటి? మీ ఆయన ఏటైనా అన్నాడేటి?"

అన్నాడు, ఒక్క మాట అడిగాడు అని చెప్పలేదు. ఉప్మా పెడితే తిని వచ్చేశాను.

కొంచెం ఆగు బావా. ఇది తేలనీ.

నాగ


అనకాపల్లి,
దీపావళి ముందు.

నాగా,

బయల్దేరక ముందే చేరే బండి నిజంగా ఉంటే నాకో టిక్కెట్టు కొను. ఈ ప్రమోషన్ గొడవ లేకుండా నిన్ననే నీ దగ్గర దిగుతాను.

నవ్వొచ్చిందా? రాలేదని తెలుసు. నాకూ రాలేదు. నీ ఉత్తరం నిండా పెట్టెలున్నాయి, గడియారాలున్నాయి, కుంకం బొట్టుంది. నేనడిగినదానికి జవాబు మాత్రం లేదు. "ఇది తేలనీ" అన్నావు. ఎప్పటికి తేలుతుంది? ఊరందరి ప్రయాణానికీ టైము చెబుతానంటావు, నీ ప్రయాణం సంగతి అడిగితే మొహం చాటేస్తావు.

మేనేజరు రోజూ అడుగుతున్నాడు. గోడ మీద పిల్లిలా కూర్చున్నావేమయ్యా అంటున్నాడు. ఆయనకేం చెప్పను? మా ఆవిడ దగ్గర బళ్లు వెనక్కి నడుస్తున్నాయండీ, అవి ముందుకి నడవగానే చెబుతానంటే ఊరుకుంటాడా?

నీకు రావాలని ఉందా లేదా? అదైనా చెప్పు. థీసిస్ సంగతి పక్కన పెట్టి చెప్పు.

భాను


కోల్‌కతా,
నవంబరు.

బావా,

థీసిస్ సంగతి పక్కన పెట్టి చెప్పమన్నావు. అది పక్కన పెట్టగలిగితే నేనిక్కడెందుకుంటాను? నాలుగేళ్లు పక్కన పెట్టుకునే వస్తువా అది? నీ ఉత్తరం చదివాక రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదు చూడు, జలుబు కాదు. కోపం.

నిన్న మా గైడు గారికి అంతా చూపించాను. ఆయన సిగరెట్టు తిప్పుకుంటూ చాలాసేపు చూశారు. "సెప్టెంబరు నుంచి ఉన్నదంతా పారెయ్. పూజల రద్దీ, శీతాకాలం లేని ఏడాది ఏడాదే కాదు. వచ్చే సంవత్సరం మళ్లీ మొదలుపెట్టు" అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "దీని కారణం నీకు తెలియదు, నాకూ తెలియదు. తెలియనిదాన్ని థీసిస్‌లో పెట్టకూడదు" అని టీ తెప్పించారు. ఆ టీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. అదే ఏడిపిస్తోంది. కారణం నా ఎదురుగానే ఎక్కడో ఉందనిపిస్తోంది, కనపడటం లేదు. రాత్రి కళ్లు మూసుకుంటే బస్సులన్నీ వెనక్కి నడుస్తున్నాయి.

నీకు జవాబు కావాలి కదా. ఇంకో ఏడాది. ఆ తర్వాతైనా తేలుతుందో లేదో తెలీదు. రావాలని ఉందా అంటే ఉంది. చేతులూపుకుంటూ రావాలని మాత్రం లేదు. ప్రమోషన్ తీసుకుంటావో, మానేస్తావో, నీ ఇష్టం. నా మూలంగా నువ్వు పోగొట్టుకున్నావని రేపెప్పుడో అనిపించుకోవడం నాకిష్టం లేదు.

నాగేశ్వరి


అనకాపల్లి,
డిసెంబరు.

నాగా,

రాసిచ్చేశాను. ఆ తలనొప్పి వదిలింది, ఇక దాని గురించి నువ్వు ఆలోచించకు. నేనూ ఆలోచించడం లేదు. నిద్ర బాగా పడుతోంది.

నీ మీద కోపం లేదు. ఉండేది, పోయింది. ఇంకో ఏడాది అంటే ఇంకో ఏడాది. పెట్టెలు జాగ్రత్త, నువ్వు ఇంకా జాగ్రత్త. చలికి శాలువా కప్పుకో, మీ ఇంటి ఓనరు మాషిమా ఇచ్చిన కోతి టోపీ కూడా పెట్టుకో. ఎవరూ నవ్వరు, ఆ ఊళ్లో అందరూ పెట్టుకుంటారటగా.

భాను


కోల్‌కతా,
జనవరి, 2010.

బావా,

నీ ఉత్తరం అందింది. నిద్ర బాగా పడుతోందన్నావు, సంతోషం. థీసిస్ గురించి అడక్కు. చెప్పడానికేమీ లేదు. తిండి తింటున్నాను, టోపీ పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరిలో ఊళ్లోనే ఉంటావుగా? ఊరికే అడిగాను.

నాగ


అనకాపల్లి,
ఫిబ్రవరి, 2010.

బావా,

పైన ఊరి పేరు చూసుకో. నేనూ రాశాక ఓసారి చూసుకున్నాను.

మొన్న పొద్దున్న సంచీతో మీ వీధిలో దిగాను. నువ్వు తలుపు తీసి నోరు తెరుస్తావని ఊహించుకుంటూ వచ్చాను. తలుపుకి తాళం. బ్యాంకుకి వెళ్తే మీ అటెండరు బైరాగి నన్ను చూసి బిక్కమొహం వేశాడు. "సారు ప్రమోసన్ మీద కలకత్తా ఎల్లిపోనారు కదమ్మా! నిన్న రేతిరే రైలెక్కించినాను. తమరికి తెల్దేటి?" అన్నాడు. నాకు తెల్దు బైరాగీ, నాకేమీ తెల్దు అని అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. తాళంచెవి ఇచ్చి, కొబ్బరి బొండం తాగించి పంపాడు.

తర్వాత ఫోన్లో మనం ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తు లేదు. నవ్వాం, ఏడ్చాం, నువ్వు అరిచావు, నేనూ అరిచాను. నేను బయల్దేరిన రాత్రి ఫోన్ చేస్తే "సిగ్నల్ లేదు, తర్వాత చేస్తాను" అన్నావు. నేనూ అదే అన్నాను. ఇద్దరం రైళ్లలో ఉండి ఒకరికొకరం అబద్ధమాడుకున్నాం. బరంపురం దగ్గరో ఇంకెక్కడో మన రెండు రైళ్లూ ఒకదాన్నొకటి దాటుకునే ఉంటాయి. ఏమీ తేల్లేదు కాబట్టి మళ్లీ ఉత్తరం.

డిసెంబరులో పెట్టెలు పీకేద్దామని వాట్‌గంజ్ వెళ్లాను. ఇంకో ఏడాది ఆ మొహాలు చూడలేక, వేరే రోడ్డు వెతుక్కుందామని. నేను స్క్రూలు తిప్పుతుంటే పిన్ని మొహం చిన్నబుచ్చుకుంది.

"అదేటమ్మా, అలగ పీకేస్తన్నావు? ఇసుకరమ పూజకి మా తమ్ముడి సేత మరలు ఇప్పించి, తువ్వాలులో సుట్టి మా తమ్ముడి సాపుకి అట్టుకెల్లినాను. మా ఆయన పారలూ, తమ్ముడి పానాలూ, నీ పెట్లు రెండూ, అన్నీ ఒక్కకాడ ఎట్టి పూజ సేసినాం. నీ సదువుకి అదే కదా పనిముట్టు. జిగురు కాయితం అసియ్యంగుందని తడిగుడ్డెట్టి తుడిసీసినాను."

బావా, ఆ స్క్రూడ్రైవరుతోనే మూత తీసి చూశాను. లోపల రెండో నంబరు. రెండు పెట్టెలూ ఒక్కలాగే ఉంటాయి, పైన అంటించిన కాయితాలే గుర్తు. ఆవిడ రెండింటినీ కడిగినట్టు తుడిచి, బొట్టు పెట్టి, ఒకటి అక్కడ వదిలి ఇంకోటి ఇంటికి తెచ్చుకుంది. ఆ రోజు నుంచి రెండోది ఇక్కడా, ఒకటోది అక్కడా. బళ్లు సరిగ్గానే నడిచాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.

పిన్ని మీద కోపం రాలేదు. అక్కడే ఆవిణ్ని పట్టుకుని ఏడ్చాను. "ఓలమ్మా, ఏటైనాది?" అని ఆవిడా ఏడ్చింది, ఎందుకో తెలీకుండానే. ఆ రోజు నుంచి పెట్టెల నంబర్లు అటూ ఇటూ మార్చి, ఒక్క పొద్దులో చూస్తే ఏడాది డేటా మొత్తం నిక్షేపంలా ఉంది. గైడు గారు పెద్దగా నవ్వి, మార్చిలో సబ్మిట్ చెయ్యమన్నారు.

నీకు వెంటనే ఎందుకు చెప్పలేదంటావా? తలనొప్పి వదిలింది, నిద్ర బాగా పడుతోంది అని రాశావు చూడు, నా కోసం ప్రమోషన్ వదిలేసుకున్నావనుకున్నాను. నీకు సమానంగా నేనూ ఏదైనా చేసి, అప్పుడు ఎదురుగా నించుని చెప్పాలనుకున్నాను. విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి అప్లికేషన్ పెట్టాను. ఇంటర్వ్యూ నిన్న ముగిసింది. ఉద్యోగం ఇచ్చారు.

ఇప్పుడు నువ్వక్కడ, నేనిక్కడ. నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. నీ కంచం ఒకటే ఉంది అలమరలో, గ్లాసు ఒకటే. రెండోది కొనుక్కోవాలని కూడా తోచలేదా నీకు? అది చూశాక నా ఏడుపు ఆగడం లేదు.

ఇంతకుముందు నువ్వు సూటిగా అడిగావు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నాకీ ఉద్యోగం కావాలి. నా పేరు మీద ఒక గది, ఒక నల్లబల్ల కావాలి. నువ్వూ కావాలి. రెండూ ఎలాగో నాకు తెలీదు. అక్కడికి రమ్మంటే వస్తాను, కానీ ఏడుస్తూ వస్తాను. అబద్ధం చెప్పి నవ్వుతూ రాలేను.

నీ
నాగ


కోల్‌కతా,
ఫిబ్రవరి నెలాఖరు.

నాగా,

చెప్పకుండా వచ్చి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నవాణ్ని, నీ గదిలో నీ బల్ల ముందు ఒక్కణ్నే కూర్చున్నాను. మాషిమా నన్ను అల్లుడిలా చూస్తున్నారు. రోజూ చేపలు వండుతున్నారు. నేను తిననని చెప్పడం నాకు రాదు, చెప్పినా ఆవిడ వినరు. కోతి టోపీ కూడా పెట్టారు.

నీ రోడ్డు చూసొచ్చాను. మధ్యాహ్నం ఒంటిగంటకి పోలీసాయన అడ్డుబల్ల ఈ చివర నుంచి తీసి ఆ చివర పెట్టాడు. అంత పెద్ద రోడ్డు, అన్ని బస్సులు, ఎవరూ ఏమీ అనకుండా అటు తిరిగిపోయాయి. అప్పుడు నాకు సిగ్గేసింది. ఈ రెండేళ్లూ రెండు పెట్టెల కోసం నన్ను ఒంటరిగా వదిలేశావని లోపల్లోపల అనుకునేవాణ్ని. నీకెప్పుడూ చెప్పలేదు. ఈ రోడ్డుని పట్టుకుని కూర్చోవాలంటే ఎంత గుండె ఉండాలో ఇక్కడ నించుంటే గాని తెలియలేదు.

అప్పలకొండమ్మ గారింటికి కూడా వెళ్లాను. నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పి, ఇప్పుడు నేనిక్కడా మీ అమ్మాయి అక్కడా అన్నాను. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "పెట్లంటే నానే మార్సీసినాను బాబూ, నాకు సదువు నేదు. మీకిద్దరికీ ఏటొచ్చినాది? మీకెవులు పూజ సేసీనారు?" అంది. ఆవిడ నవ్వుతుంటే నేనూ నవ్వాను.

ఇక తేలాల్సిన మాట. నిన్న బ్యాంకులో ప్రమోషన్ వద్దు, పాత స్కేలుకీ పాత బ్రాంచికీ పంపించెయ్యమని రాసిచ్చాను. చేరిన కొత్త కాబట్టి ఒప్పుకున్నారు. ఇక్కడి మేనేజరు నన్నొక పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. బాధ లేదంటే అబద్ధం. నా తర్వాత చేరిన పట్టాభి వచ్చే నెల నుంచి నాకు ఆఫీసరవుతాడు, వాడికి గుడ్మార్నింగ్ చెప్పాలి. ఆ బాధ నాది, నీది కాదు. రేపెప్పుడో దీన్ని నీ మీద వెయ్యను. వేస్తే ఈ ఉత్తరం తీసి నా మొహాన కొట్టు.

వాళ్లు వదిలిపెట్టగానే రైలెక్కుతాను. థీసిస్ ఇవ్వడానికీ, ఆ తర్వాత వైవాకీ ఇద్దరం కలిసి వద్దాం, ఒకే రైల్లో, పక్కపక్క బెర్తుల్లో. కాలేజీకి సరేనని వెంటనే రాసెయ్. నా కోసం స్టేషనుకి రావద్దు. విశాఖపట్నం దాకా ఎదురొస్తానని అసలే అనొద్దు. ఇంకో కంచం కొనుక్కుని ఇంట్లో కూర్చో.

నీ కాళ్లు పట్టుకుంటాను నాగా, నేను వచ్చేదాకా నువ్వు ఎక్కడికీ బయల్దేరకు.

నీ
బావ